బట్టల షోరూంలో సిబ్బంది ఆరోగ్యంగా, ఇష్టంగా పనిచేయాలంటే ఏం చేయాలి?

“మా దగ్గర మనుషులు నిలవడం లేదు. పండుగ ముందు చేర్చుకుంటాం, పండుగ వెళ్ళేసరికి సగం మంది ఉండరు. ఏం చేయమంటారు?” బట్టల షోరూముల యజమానులూ మేనేజర్లూ ఈ ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి, చేయవలసిన పనులను దాదాపు చేయవలసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. పది మంది నుంచి అరవై మంది వరకు పనిచేసే షోరూంను దృష్టిలో పెట్టుకున్నాను. గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా ఇలాంటి దుకాణాల్లో ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. పది మందికంటే తక్కువ మంది ఉన్నచోట ఏం మారుతుందో అక్కడక్కడ చెబుతాను.

ఈ పనిలో వరుస చాలా ముఖ్యం. మొదట శరీరానికి కావలసినవి చూడాలి, తర్వాత జీతం, ఆ తర్వాత పని వేళలూ మాట తీరూ. ఉత్సాహం, బహుమతులు, పుట్టినరోజు వేడుకలు వీటన్నిటి తర్వాతే రావాలి. పది గంటలు నిలబడి కాళ్ళు వాచిన మనిషికి ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ అన్న ఫొటో ఊరట ఇవ్వదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గత ఏడాది హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు. ఎవరు ఏ నెలలో చేరారో, ఏ నెలలో మానేశారో వీటిలో తెలియాలి.
- ఒక నోటు పుస్తకం. కంప్యూటరు అవసరం లేదు.
- ఈ పనికి బాధ్యత వహించే ఒక మనిషి. ఫ్లోర్ సూపర్‌వైజరుకు అప్పగించకండి, ఎందుకంటే సిబ్బంది ఫిర్యాదుల్లో కొన్ని సూపర్‌వైజరు మీదే ఉండవచ్చు. యజమాని కుటుంబంలో ఒకరు గానీ, అందరూ గౌరవించే పాత ఉద్యోగి గానీ మేలు.
- మూడు నెలలకు సరిపడా చిన్న మొత్తం. స్టూళ్ళు, నీళ్ళ క్యాన్లు, మరుగుదొడ్డి మరమ్మతు, ఫ్యాన్లు: ఎక్కువ ఖర్చు వీటికే అవుతుంది.
- యజమాని నిర్ణయం. సూపర్‌వైజర్ల ఎదుట యజమాని స్వయంగా చెప్పకపోతే కింద రాసిన వాటిలో సగం అమలు కావు.

1. ఒక పూర్తి రోజు సిబ్బందితో పాటు నిలబడండి

షట్టరు ఎత్తిన దగ్గర నుంచి దించే వరకు కౌంటరు వెనుక ఉండండి, క్యాష్ కౌంటరు దగ్గర కూర్చోకండి. ప్రతి గంటకూ నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరైనా కూర్చోగలిగారా, నీళ్ళు తాగారా, బయటికి వెళ్ళి రాగలిగారా, ఎవరైనా ఎవరినైనా గట్టిగా కసిరారా. భోజనానికి చివరి బ్యాచి ఎన్ని గంటలకు వెళ్ళిందో తప్పక రాయండి. సిబ్బంది వాడే మరుగుదొడ్డిని మీరూ వాడండి. గోడౌన్‌లో పావుగంట ఉండి చూడండి.

తర్వాత గత ఏడాది మానేసినవారిలో ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి, మళ్ళీ రమ్మని అడగకుండా, ఎందుకు మానేశారో మాత్రమే అడగండి. ఉన్నవాళ్ళు చెప్పడానికి జంకే విషయాలు వెళ్ళిపోయినవాళ్ళు చెబుతారు. “ఇంట్లో వద్దన్నారు” అన్న జవాబు వస్తే అక్కడితో ఆపకండి. ఇంట్లో ఎందుకు వద్దన్నారో అడిగితే రాత్రి బస్సు సంగతో, ఎవరో అన్న మాటో, కాళ్ళ నొప్పులో బయటపడతాయి.

జాగ్రత్త: ఈ పరిశీలన రోజున ఎవరినీ మందలించకండి. మందలిస్తే ఆ తర్వాత మీకు కనిపించేది మీ కోసం సర్దిన దుకాణం.

2. కూర్చునే ఏర్పాటు చేయండి

అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. నడిచేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. ఒకేచోట గంటల తరబడి నిలబడితే ఆ పని సరిగా జరగక రక్తం కాళ్ళలో నిలుస్తుంది. పాదాల వాపు, నడుము నొప్పి, ఏళ్ళు గడిచాక కాళ్ళలో రక్తనాళాలు ఉబ్బడం, ఇవన్నీ అలా గంటల తరబడి నిలబడటం వల్ల వచ్చేవే.

కేరళలో కోళికోడ్ వస్త్ర దుకాణాల్లో పనిచేసే మహిళలు పెణ్‌కూట్టు అనే సంఘంగా ఏర్పడి దీని కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి సిబ్బందికి కూర్చునే హక్కు కల్పించింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. మన పాత బట్టల కొట్లలో తెల్లటి దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ కూర్చునే చీరలు చూసుకునేవారు. గాజు కౌంటర్లు వచ్చాకే అమ్మేవారు నిలబడ్డారు. కాబట్టి కూర్చుని అమ్మడం మన వ్యాపారానికి కొత్త కాదు.

చేయవలసిన విధానం ఇది. మామూలు కుర్చీలో కూర్చుంటే గాజు కౌంటరు వెనుక మనిషి తల మాత్రమే కనిపిస్తుంది, అందుకే చాలాచోట్ల కుర్చీలు తెచ్చినా వాడకుండా పోయాయి. కౌంటరు ఎత్తుకంటే పది పన్నెండు అంగుళాలు మాత్రమే తక్కువగా ఉండే స్టూలు, కాళ్ళు ఆనించుకోవడానికి అడ్డకమ్మీ ఉన్నది తీసుకోండి. వెనుకకు ఆనుకునే వీలు ఉంటే ఇంకా మంచిది, గర్భిణులకు అది తప్పనిసరి. కనీసం ఇద్దరికి ఒక స్టూలు ఉండాలి. కస్టమరు రాగానే లేచి నిలబడటం, చూపించడం పూర్తయ్యాక కూర్చోవడం అన్న నియమాన్ని యజమానే అందరి ముందూ ప్రకటించాలి.

స్థలం లేకపోతే రెండు దారులున్నాయి. గోడకు బిగించి మడిచే పలక స్టూళ్ళు ఒకటి. రెండోది పనుల మార్పిడి: ధర చీటీలు అంటించడం, చీరలు మడత పెట్టడం, ఫాల్స్ కుట్టడం, బిల్లుతో సరుకు సరిచూడటం కూర్చుని చేయగల పనులు. వీటిని ఒకరికే కట్టబెట్టకుండా గంట గంటకూ మార్చండి. గ్రానైట్ నేల మీద సిబ్బంది వట్టి కాళ్ళతో నిలబడే నియమం ఉంటే దాన్ని తీసేసి, మెత్తని అట్ట ఉన్న చెప్పులు అనుమతించండి, కౌంటర్ల వెనుక రబ్బరు మ్యాట్లు వేయించండి.

సరిచూసుకోవడం: పది రోజుల తర్వాత స్టూళ్ళ మీద వేలు పెట్టి చూడండి. దుమ్ము ఉంటే, వాటి మీద చీరల కట్టలు పేర్చి ఉంటే, ఎవరూ కూర్చోవడం లేదని అర్థం. అప్పుడు అడగవలసింది సిబ్బందిని కాదు, ఆ ఫ్లోరు సూపర్‌వైజరును.

3. నీళ్ళు, మరుగుదొడ్డి, భోజనం

ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మరుగుదొడ్డి దూరంగా ఉన్నా, శుభ్రంగా లేకున్నా, వెళ్ళిన ప్రతిసారీ అనుమతి అడగవలసి వచ్చినా, మహిళలు నీళ్ళు తాగడమే తగ్గిస్తారు. దాంతో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, తలనొప్పి, ఎండాకాలంలో కళ్ళు తిరగడం మొదలవుతాయి. మీరు వాటిని సెలవు చీటీల్లో ‘జ్వరం’, ‘నీరసం’ అన్న మాటల్లోనే చూస్తారు.

పురుషులకూ మహిళలకూ వేర్వేరు మరుగుదొడ్లు, లోపల గడియ, నీళ్ళు, సబ్బు, మహిళల దానిలో మూత ఉన్న చెత్తబుట్ట, శానిటరీ ప్యాడ్ల పెట్టె ఉండాలి. ప్యాడ్ల పెట్టెకు తాళం వేయకూడదు, అడిగి తీసుకోవలసి వస్తే ఎవరూ తీసుకోరు. శుభ్రం చేసిన వేళను తలుపు వెనుక చీటీ మీద రాయించండి. పక్క కాంప్లెక్సు మరుగుదొడ్డి మీద ఆధారపడిన చిన్న దుకాణమైతే, ఆ యజమానితో నెలవారీ ఒప్పందం రాసుకుని ఒక తాళంచెవి సిబ్బంది దగ్గరే ఉంచండి. “వెళ్ళొస్తాను” అని పక్కవారికి చెబితే చాలు, సూపర్‌వైజరు అనుమతి అక్కర్లేదన్న నియమం పెట్టండి.

తాగునీళ్ళు ప్రతి ఫ్లోరులో ఉండాలి. కింద ఒక్క క్యాను పెట్టి మూడంతస్తుల వాళ్ళను దిగి రమ్మంటే రద్దీ వేళ ఎవరూ రారు. ఏప్రిల్, మే నెలల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు గానీ, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గానీ మధ్యాహ్నం అందించండి. కస్టమర్లు లేని ఫ్లోరులో ఏసీ ఆపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆపవలసి వస్తే అక్కడి సిబ్బందిని చల్లగా ఉన్న ఫ్లోరుకు మార్చండి, లేదా గాలి ఆడేలా ఫ్యాన్లు వేయండి. గోడౌన్‌లో పనిచేసేవారికి ఎగ్జాస్టు ఫ్యాను, దుమ్ముకు మాస్కు ఇవ్వాలి.

భోజనం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలుపెట్టి, మూడు గంటలలోపు చివరి బ్యాచి తిని ముగించేలా పట్టిక వేయండి. సీజన్లో చివరివాళ్ళు సాయంత్రం నాలుగున్నరకు క్యారేజీ విప్పడం, అదీ గోడౌన్‌లో బేళ్ళ మధ్య నిలబడి తినడం ఎక్కువగా కనిపించే తప్పు. ఒక బల్ల, రెండు బెంచీలు, చేతులు కడుక్కునే కుళాయి, అన్నం వేడి చేసుకోవడానికి ఒక మైక్రోవేవ్ ఉంటే చాలు. ఎప్పుడూ ఒకరే చివరి బ్యాచిలో పడకుండా వారం వారం బ్యాచీలు మార్చండి.

4. జీతాన్ని తేదీకి, లెక్కతో ఇవ్వండి

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను (కొత్త కార్మిక చట్టాలను) అమలులోకి తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతాన్ని తరువాతి నెల 7వ తేదీలోపు చెల్లించాలి, మానేసినవారికైనా తీసేసినవారికైనా రావలసిన జీతం బాకీని రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రాష్ట్ర నిబంధనలు, మీ జిల్లాకు వర్తించే కనీస వేతనం ఎంతో సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడిగి రాయించుకోండి.

అమలులో ఎక్కువ గొడవ కోతల దగ్గర వస్తుంది. సరుకు తగ్గితే ఫ్లోరులోని అందరి జీతాల్లోంచి ‘షార్టేజ్’ పేరుతో పట్టడం, పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోయడం వంటివి మనుషులను వేగంగా వెళ్ళగొడతాయి. జరిమానా ఆ నెల జీతంలో మూడు శాతం మించకూడదు, విధించే ముందు ఆ వ్యక్తి చెప్పేది వినాలి, వసూలైన సొమ్మును సిబ్బంది ప్రయోజనానికే ఖర్చు చేయాలి. నా సలహా ఇంకా సులువైనది: జరిమానాలు మొత్తంగా ఎత్తేయండి. ఆలస్యం పదేపదే జరిగితే పిలిచి కారణం అడగండి. షార్టేజ్‌ను తగ్గించడానికి రోజూ షట్టరు దించే ముందు ప్రతి కౌంటరు సరుకును ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకం చేసే పద్ధతి పెట్టండి. ఎక్కడ తగ్గిందో వారంలోనే తెలుస్తుంది.

జీతంతో పాటు చీటీ ఇవ్వండి: మూల వేతనం, ఓవర్‌టైం, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), అడ్వాన్సులో పట్టినది, చేతికి వచ్చినది. తెలుగులో ఉండాలి. ఇంకొక మాట. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దాచడం మానేయండి. మానేయకుండా ఉంటారన్న ఆశతో చేసే ఆ పని, ఉన్న రోజుల్లో కూడా వారిని భయంతోనే పనిచేయిస్తుంది.

5. ఈఎస్ఐ, పీఎఫ్

పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. ఈఎస్ఐకి నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవారు అర్హులు. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. కట్టడంతో పని అయిపోయిందనుకోవడమే ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. కుటుంబ సభ్యుల పేర్లు నమోదు కాక, కార్డు ప్రింటు చేతిలో లేక, ఏ డిస్పెన్సరీకి వెళ్ళాలో తెలియక చాలామంది ప్రైవేటు ఆస్పత్రికి అప్పు చేసి వెళుతున్నారు. ఒక మధ్యాహ్నం కేటాయించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పేర్లు ఎక్కించి, కార్డు ప్రింటు ఇచ్చి, డిస్పెన్సరీ చిరునామా చెప్పండి. జబ్బు చేసి సెలవు పెడితే నిబంధనల మేరకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుందని, మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు ఉందని వివరించండి.

పది మందికంటే తక్కువ ఉన్న దుకాణమైతే అందరికీ ఒక ప్రమాద బీమా, ఆరోగ్య బీమా తీసుకోవడం ప్రత్యామ్నాయం.

6. వేళలు, సెలవులు, చివరి బస్సు

వారానికి ఒక రోజు సెలవు అన్నది 1988 దుకాణాల చట్టంలో ఉన్నదే. ఆదివారం షోరూం తెరిచి ఉంచితే సెలవును వారంలో మరో రోజుకు మార్చండి గానీ, ఎత్తేయకండి. ఎవరికి ఏ రోజో నెల ముందే పట్టిక గోడకు అంటించండి. “రేపు రావద్దు, ఎల్లుండి రా” అని రాత్రికి రాత్రి చెప్పే సెలవుతో ఎవరికీ విశ్రాంతి దొరకదు.

ఆషాఢం సేల్, శ్రావణమాసం, దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్ళి ముహూర్తాలు: మన వ్యాపారంలో రద్దీ ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. కాబట్టి సీజన్‌కు నెల ముందు తాత్కాలిక సిబ్బందిని చేర్చుకుని నేర్పండి, ఎక్కువ గంటలకు రెట్టింపు లెక్కన ఓవర్‌టైం ఇవ్వండి, సీజన్ ముగిసిన వారంలో ప్రతి ఒక్కరికీ వంతుల వారీగా రెండు రోజుల విశ్రాంతి ఇవ్వండి. ఈ రెండు రోజులను పట్టికలో సీజన్ మొదలయ్యే ముందే రాయాలి.

పండుగ రోజు విషయంలో ప్రత్యేకంగా ఆలోచించండి. సద్దుల బతుకమ్మ సాయంత్రం తెలంగాణ షోరూముల్లో అమ్మే ఆడపిల్లలు తాము అమ్మిన చీరలు కట్టుకున్నవాళ్ళు ఆడుకోవడానికి వెళుతుంటే కౌంటరు వెనుక నిలబడి చూస్తుంటారు. ఆంధ్రలో భోగి నాడు ఇదే పరిస్థితి. సద్దుల నాడు మధ్యాహ్నం మూడు దాటాక వ్యాపారం ఎలాగూ తగ్గుతుంది, అప్పుడే మూసేయడం ఒక దారి. అది కుదరకపోతే సగం మందికి ఆ రోజు, మిగతా సగానికి దసరా రోజు సెలవు ఇచ్చి, మరుసటి ఏడాది వంతులు మార్చండి.

మూసే వేళను చివరి బస్సుతో సరిచూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారు దాని మీదే ఆధారపడతారు. తొమ్మిదిన్నరకు షట్టరు దించితే, తొమ్మిదీ ఇరవైకి వెళ్ళిపోయే పల్లెవెలుగు వారికి ఏం పనికొస్తుంది? ఎవరికి ఏ బస్సో రాసుకుని, దూరం వాళ్ళను ముందు పంపండి. సీజన్లో ఆలస్యమైతే దుకాణం ఖర్చుతో ఆటో లేదా వ్యాను పెట్టి ఇంటి దాకా దింపించండి.

ఫోన్లు లాకరులో పెట్టించే దుకాణమైతే, క్యాష్ కౌంటరు దగ్గర ఒక ఫోను ఉంచి ఆ నంబరును అందరి ఇళ్ళకూ ఇవ్వండి. బడిలో బిడ్డకు జ్వరం వచ్చిందన్న కబురు సాయంత్రం దాకా తల్లికి అందకపోవడం సరికాదు.

7. మాట తీరు మార్చండి

కస్టమరు ఎదుట కసరకూడదు. ఒక్క నియమమే పెట్టగలిగితే ఇదే పెట్టండి. కస్టమరు యాభై చీరలు తీయించి ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయినప్పుడు, “నీకు అమ్మడం చేతకాదు” అని అందరి ముందూ అనడం మన షోరూముల్లో రోజూ వినిపించే మాట. దాని బదులు కస్టమరు వెళ్ళాక పక్కకు పిలిచి, “ఆమె ఏ రంగు అడిగిందమ్మా? ఏ ధర దగ్గర ఆగింది? మన దగ్గర లేనిదేమిటి?” అని అడగండి. జవాబులో కొనుగోలుకు పనికివచ్చే సమాచారం ఉంటుంది, అమ్మాయికి కూడా తన మాట విన్నారన్న ధైర్యం కలుగుతుంది.

సూపర్‌వైజర్లకు ఈ మాటలు రాసి ఇచ్చి, మీ ఎదుట ఒకసారి అనిపించండి. వారిలో ఎక్కువమంది తాము సేల్స్‌లో ఉన్నప్పుడు పడిన మాటలనే ఇప్పుడు అంటున్నారు, వేరే తీరు ఎవరూ నేర్పలేదు. సీసీ కెమెరాను సరుకు కాపలాకు వాడండి. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడుకున్నారో లెక్కపెట్టడానికి వాడవద్దు. కస్టమరు అసభ్యంగా మాట్లాడితే సూపర్‌వైజరు వెంటనే వచ్చి తాను చూసుకుంటానని చెప్పి ఉద్యోగినిని అక్కడి నుంచి తప్పించాలి. అమ్మకం పోయినా ఫరవాలేదని యజమాని ముందే చెప్పి ఉంచాలి.

మనసు బాగాలేక, నిద్ర పట్టక, దిగులుతో ఉన్నట్టు కనిపించిన వారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. 24 గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. భోజనాల గదిలో ఆ నంబరును పెద్ద అక్షరాలతో రాయించండి.

8. మహిళల రక్షణ కమిటీ

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. పదవిలో పైస్థాయి మహిళ అధ్యక్షురాలు, సిబ్బంది నుంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి స్వచ్ఛంద సంస్థకు చెందినవారో ఈ విషయం తెలిసినవారో ఒకరు ఉండాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలే ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. పది మంది లేని దుకాణాల్లో పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, ఆ సంగతి వారికి చెప్పడం యజమాని బాధ్యతగా భావించండి.

కాగితం మీద కమిటీ వేసి, సభ్యుల పేర్లు ఎవరికీ చెప్పకపోవడం ఇక్కడ జరిగే తప్పు. పేర్లు, ఫోన్ నంబర్లు మహిళల మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అంటించండి. ఎవరి కంటా పడకుండా నంబరు రాసుకోగలిగే చోటు అదే.

9. పని మీద ఇష్టం కలిగించండి

పై పనులు అమలయ్యాకే దీనికి రండి. వారానికి ఒకసారి, దుకాణం తెరిచే ముందు పావుగంట సమావేశం పెట్టండి. ఆ పావుగంట పనివేళలోనిదే, ముందుగా రప్పించినది కాకూడదు. రెండే ప్రశ్నలు: ఈ వారం కస్టమర్లు అడిగి మన దగ్గర దొరకనిది ఏమిటి? మీ పనికి అడ్డుపడుతున్నది ఏమిటి? జవాబులు నోటు పుస్తకంలో రాసి, తరువాతి వారం ప్రతి దానికీ ‘చేశాం’, ‘ఫలానా తేదీకి చేస్తాం’, ‘చేయలేం, కారణం ఇది’ అని చెప్పండి. చేయలేమని కారణంతో చెప్పినా నమ్మకం నిలుస్తుంది. జవాబే లేకపోతే మూడో వారం నుంచి ఎవరూ నోరు విప్పరు.

తర్వాత సరుకును నేర్పండి. ఉప్పాడ జాందానీలో పువ్వు రెండు వైపులా ఎందుకు ఒకేలా కనిపిస్తుందో, గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు ఎలా కలుపుతారో, పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలును కట్టి రంగు అద్దుతారు కాబట్టి బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయన్న సంగతి, తెలిసిన అమ్మాయి చీర విప్పే తీరే వేరు. కొంగును వెనక్కి తిప్పి, “చూడండమ్మా, వెనుక దారాలు తేలలేదు” అని చూపించగలిగినప్పుడు ఆమె చెప్పేది కస్టమరు వింటుంది. ఆ గౌరవం ఆమెకు కూడా తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి దగ్గరలోని నేత ఊరికి, అది మంగళగిరి కావచ్చు, నారాయణపేట కావచ్చు, సిబ్బందిని తీసుకెళ్ళి మగ్గం చూపించండి. జీతం ఉన్న రోజుగానే దాన్ని లెక్కపెట్టండి.

కౌంటరు బాధ్యత అప్పగించండి. పట్టు కౌంటరులో ఏ చీర ముందు పెట్టాలి, బొమ్మకు ఏది కట్టాలి అన్నది అక్కడ నిలబడే ఇద్దరూ నిర్ణయించనివ్వండి. ఇన్సెంటివ్ ఇస్తే వ్యక్తికి కాకుండా కౌంటరు మొత్తానికి ఇవ్వండి. వ్యక్తిగత టార్గెట్లు ఉన్నచోట కస్టమరు గుమ్మంలో అడుగుపెట్టగానే ఇద్దరు ఎగబడటం, కొత్తవారికి ఎవరూ ఏమీ నేర్పకపోవడం కనిపిస్తాయి.

10. నిచ్చెనలు, మెట్లు, మంటలు

పై అరల్లోంచి సరుకు తీయడానికి ప్లాస్టిక్ స్టూలు వాడనివ్వకండి. రబ్బరు కాళ్ళున్న నిచ్చెన ఫ్లోరుకు ఒకటి ఉండాలి, బరువైన కట్టలను నడుము ఎత్తు అరల్లోకి మార్చాలి. రెండో మెట్ల దారిలో బేళ్ళు, అట్టపెట్టెలు, విరిగిన బొమ్మలు ఉంటే ఈరోజే తీయించండి. 2023 మార్చిలో సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో పొగకు ఊపిరాడక ఆరుగురు యువ ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. బట్టల దుకాణంలో మంట ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పనవసరం లేదు. మంటలార్పే సిలిండరు మీటరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో నెలకొకసారి చూడండి. పిన్ను లాగి, మంట మొదలును గురిచూసి, అటూ ఇటూ ఊపుతూ కొట్టడం ప్రతి ఒక్కరూ చేతితో చేసి నేర్చుకోవాలి. కరెంటు మంటల మీద నీళ్ళు పోయకూడదని అందరికీ తెలియాలి. ఆరు నెలలకొకసారి రెండు దారుల్లోంచీ అందరినీ బయటికి నడిపించండి.

ఫలితం వచ్చిందో లేదో తెలుసుకోవడం

“బాగున్నారా?” అని అడిగితే అందరూ బాగున్నామనే అంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నోటు పుస్తకంలో నెలనెలా ఈ నాలుగు అంకెలు రాయండి: చేరిన మూడు నెలల్లోపు మానేసినవారు ఎందరు, ముందుగా చెప్పకుండా పనికి రాని రోజులు ఎన్ని, జీతం ఏ తేదీన పడింది, వారపు సమావేశంలో వచ్చిన మాటల్లో ఎన్నింటికి జవాబు చెప్పారు. వీటిని ఫ్లోరు వారీగా రాయాలి. మొత్తం దుకాణానికి కలిపి రాస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

అంకెలతో పాటు కంటితో చూడవలసినవి కూడా ఉన్నాయి. పై అంతస్తులో నీళ్ళ క్యాన్లు మునుపటికంటే త్వరగా ఖాళీ అవుతుంటే మూడో మెట్టు పనిచేస్తోంది. సిబ్బంది తమ చెల్లెలినో, వీధిలో స్నేహితురాలినో పనికి తీసుకువస్తుంటే అది అన్నిటికంటే నమ్మదగిన గుర్తు, నచ్చని చోటికి సొంతవాళ్ళను ఎవరూ తీసుకురారు.

సమావేశాలు మొదలైన నెలలో ఫిర్యాదులు పెరగవచ్చు. అది చెడు సూచన కాదు, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నవి బయటికి వస్తున్నాయి. అప్పుడు సమావేశాలు ఆపేయడమే పెద్ద పొరపాటు. ఒకేసారి పది మెట్లూ మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయకపోవడం రెండో పొరపాటు: మొదటి నెలలో 1 నుంచి 4 వరకు, చట్టం తప్పనిసరి చేసిన 5, 8, ప్రాణాలకు సంబంధించిన 10 చేపట్టండి, మిగతావి తరువాతి రెండు నెలల్లో చేయండి. సీజన్ మధ్యలో మొదలుపెట్టకండి. దసరాకు ముందు అయితే ఆషాఢంలోపు, సంక్రాంతికి ముందు అయితే కార్తికంలో మొదలుపెట్టడానికి వీలుంటుంది.

ఒక పూర్తి సీజన్ గడిచినా అంకెలు కదలకపోతే, ఏ ఫ్లోరులో కదలలేదో చూడండి. ఒక్క ఫ్లోరులోనే మనుషులు వెళ్ళిపోతుంటే అక్కడి సూపర్‌వైజరును నెల రోజులు వేరే పనికి మార్చి ఫలితం గమనించండి. అన్ని ఫ్లోర్లలోనూ అదే స్థితి ఉంటే జీతాన్ని మీ వీధిలోని మిగతా షోరూములతో పోల్చి చూడండి. అదీ సరిగ్గానే ఉంటే మళ్ళీ ఒకటో మెట్టుకు వెళ్ళి, ఈసారి శనివారం రద్దీలో, కౌంటరు వెనుక నిలబడండి.